ఏ లోటూ లేదన్నాం

జనవరి 8

మా ఆడపడుచు గారికి,

నువ్వు బాగానే ఉండి ఉంటావు. లేకపోతే ఈపాటికి మీ అన్నయ్యకి నాలుగు పేజీల ఉత్తరం వచ్చేది, అందులో మూడు పేజీలు నా మీద ఫిర్యాదులే ఉండేవి. ఆడపడుచు అర్ధమొగుడని ఊరికే అనలేదు. పూర్తి మొగుడు మాత్రం కులాసాగానే ఉన్నారు. దుకాణంలో రిపేరుకొచ్చిన ఫ్యాన్ల మధ్య కూర్చుని, ఒక్కటైనా తన వైపు తిప్పుకోకుండా చెమటలు కక్కుతున్నారు.

అసలు సంగతికి వస్తాను. మీ ట్రస్టు నుంచి మా పిల్లల గదికి కాగితం వచ్చింది. మూడేళ్ళ సాయం ఈ మార్చితో పూర్తవుతుందట. కొనసాగించాలో వద్దో తేల్చడానికి వచ్చే నెల ఇద్దరు పెద్దలు వచ్చి చూసి వెళ్తారట. అది చదివిన దగ్గర్నుంచి నాకు తిండి సయించడం లేదు.

నువ్వు ఈ గదిని ఎప్పుడూ చూడలేదు కాబట్టి చెబుతున్నాను. టైలరు కొట్టు వెనక రేకుల షెడ్డు. దాన్ని ఆనుకునే సీసాల ఫ్యాక్టరీ గోడ. లారీల్లో వచ్చే పాత సీసాల్ని అక్కడ ఆడవాళ్ళు మందునీళ్ళ తొట్లలో నానబెట్టి, బ్రష్షు పెట్టి తోమి, మోతగా తిరిగే బెల్టు మీదకి ఎక్కిస్తారు. పొద్దున సైరను కూత నుంచి సాయంత్రం కూత దాకా అదే పని. వాళ్ళ పిల్లలే మా పిల్లలు. పాకేవాళ్ళ నుంచి బడికి వెళ్ళే వయసు వచ్చేదాకా మా దగ్గరే ఉంటారు. ఒక టీచరమ్మ, ఇద్దరు ఆయాలు, అందరి మీదా కేకలు వెయ్యడానికి నేను. పాలు, మధ్యాహ్నం భోజనం, పాటలు, నాలుగు అక్షరాలు, ఓ కునుకు. ఇంతకు మించి ఏమీ లేదు. షెడ్డు అద్దె దగ్గర్నుంచి పాలచుక్క దాకా అంతా మీ ట్రస్టు డబ్బే.

ఈ గది రాకముందు వాళ్ళు పిల్లల్ని ఇంట్లో పెట్టి తాళం వేసుకెళ్ళేవాళ్ళు, లేదా తొట్ల పక్కన గాజుపెంకుల్లో కూర్చోబెట్టుకునేవాళ్ళు. ఆ పిల్లల్లో ఒకతి ఉంది, మేం పిచ్చుక అంటాం. రెండేళ్ళు నిండినా ఒక్క మాట లేదు. మూగదేమో అనుకున్నారు. బెల్టు చప్పుడులో తల్లి ఏం చెప్పినా పిల్లకి వినపడేది కాదు. మాట వినని పిల్ల ఏం మాట్లాడుతుంది? మా దగ్గరికొచ్చిన కొన్నాళ్ళకి ఆయా పాలగ్లాసు పక్కవాడికి ముందు ఇస్తుంటే "నాది" అంది. ఆయా గ్లాసు కింద పెట్టేసి బోరుమని ఏడ్చింది. ఇప్పుడు ఆ పిల్ల నోరు మూయించడం మా తరం కావడం లేదు.

వచ్చేవాళ్ళకి ఏం నచ్చుతుందో, ఏం నచ్చదో చెప్పు. నువ్వు పనిచేసేది అక్కడే కదా. వడ్డించేవాడు మనవాడైతే బంతిలో ఎక్కడ కూర్చున్నా ఫరవాలేదంటారు. నేను చిట్టచివర కూర్చున్నాను, కాస్త చూసి వడ్డించు.

ప్రేమతో,
మీ వదిన

*

జనవరి 19

వదినా,

నా మీద అభాండాలు వెయ్యడం మానవు కదా. నీ మీద ఫిర్యాదులు మూడు పేజీలు ఎప్పుడూ లేవు, రెండున్నరే.

నీ ఉత్తరం బస్సులో చదివాను. పిచ్చుక దగ్గరికి వచ్చేసరికి నేను దిగాల్సిన స్టాపు దాటిపోయింది. ఆఫీసుకి ఆలస్యంగా వెళ్ళి, కారణం అడిగితే "పిచ్చుక" అన్నాను. నాకు మతి చలించిందని సెక్షన్లో ప్రచారం జరుగుతోంది.

ఒక సంగతి ముందే చెప్పాలి. మా ఆఫీసులో ఒక నియమం ఉంది. మనవాళ్ళు నడిపే చోటు గురించి మాట వచ్చినప్పుడు మనం ఆ గదిలో ఉండకూడదు. నువ్వు నా వదినవని మొదటి ఏడే రాసిచ్చేశాను. కాబట్టి చూడటానికి వచ్చేది నేను కాదు, తేల్చేదీ నేను కాదు. అసలు నేను వడ్డించే మనిషిని కాదు వదినా, ఎన్ని విస్తళ్ళు లేచాయో లెక్కపెట్టే మనిషిని. ప్రయాణాల బిల్లులు చూడటం నా పని.

అయినా అడిగావు కాబట్టి చెబుతున్నాను. ఏడుపుగొట్టు మొహాలతో ఎదురుపడకండి. మావాళ్ళు రోజూ దీనమైన ఫోటోలు చూసి చూసి ఉన్నారు. పని చక్కగా జరుగుతున్న చోటు, శుభ్రంగా ఉన్న చోటు చూస్తే వాళ్ళ మనసు తేలికపడుతుంది. చుట్టుపక్కలవాళ్ళు కూడా ఓ చెయ్యి వేస్తున్నారని కనపడితే మరీ మంచిది. మిగతాదంతా ఉన్నది ఉన్నట్టు చూపించు. నువ్వు చేసే పనికి అలంకారం అక్కర్లేదు.

అన్నయ్యని ఒక ఫ్యాను తన వైపు తిప్పుకోమను. నా మాటగా చెప్పు.

నీ ఆడపడుచు

*

ఫిబ్రవరి 12

ఆడపడుచు గారికి,

మీవాళ్ళు వచ్చి వెళ్ళారు. గెలిచామనే అనుకుంటున్నాను!

నువ్వు చెప్పింది చెప్పినట్టు చేశాం. శుభ్రం అన్నావు, సున్నం వేశాం. చుట్టుపక్కలవాళ్ళ చెయ్యి అన్నావు, వీధి వీధంతా దిగింది. టైలరు మిగులు గుడ్డలన్నీ కలిపి కిటికీలకి కర్టెన్లు కుట్టాడు. ఆ రంగులు చూస్తే నీకు కళ్ళు తిరిగేవి, పిల్లలకి మాత్రం పండగే. మందుల షాపాయన తన కుర్చీలన్నీ ఇచ్చాడు, పిల్లల్ని తూచే మిషను కూడా ఇచ్చాడు. తల్లులు తమ ఇళ్ళలో ఉన్న మంచి గ్లాసులు, మంచి దుప్పట్లు తెచ్చి పరిచారు. మీ అన్నయ్య రిపేరుకొచ్చిన ఫ్యాన్లలో బాగా తిరిగేవి ఏరుకొచ్చి షెడ్డంతా తగిలించారు. వాటి సొంతదార్లు వచ్చి అడిగితే "కాయిల్ కాలిపోయిందండీ, ఇంకో రెండు రోజులు పడుతుంది" అన్నారు. ఈ కాపురంలో ఆయన నోట నేను విన్న మొదటి అబద్ధం అదే.

మీ కళ్ళద్దాల డైరెక్టరుగారు, ఆయనతో ఒకావిడ వచ్చారు. ఆయన ఫ్యాను కింద కూర్చోగానే మన పిచ్చుక వెళ్ళి ఒళ్ళో ఎక్కి, నున్నటి తల చూసి, "మీ జుట్టు ఇంట్లో పెట్టొచ్చారా?" అంది. నా ప్రాణం పైకే పోయింది. ఆయన మాత్రం పగలబడి నవ్వారు.

పాటలయ్యాయి. భోజనాలయ్యాయి. అప్పుడు ఆయన నన్ను అడిగారు, "ఇక్కడ ఇబ్బందులేమైనా ఉన్నాయా అమ్మా?" అని. "మీ దయవల్ల ఏ లోటూ లేదండీ" అన్నాను. తర్వాత తల్లుల వైపు తిరిగి, "రేపు మా సాయం ఆగిపోతే ఏం చేస్తారు?" అన్నారు. అప్పుడు లేచింది లైను పెద్దమ్మ. తొట్ల దగ్గర అందరికంటే పాతావిడ, మనవరాలు మా దగ్గరే ఉంటుంది. "ఆగితే మాత్రం మా పిల్లల్ని మేం వదిలేసుకుంటామా బాబూ? మా కాళ్ళ మీద మేం నిలబడతాం" అంది. ఏం గొంతు! చప్పట్లు మోగిపోయాయి. ఆయన కూడా కొట్టారు. ఆయనతో వచ్చినావిడ గబగబా రాసుకుంది.

కారు మలుపు తిరగగానే ఫ్యాన్లు దింపి ఎవరివి వాళ్ళకి ఇచ్చేశాం. ఇప్పుడు షెడ్డు మళ్ళీ పెనంలా కాలుతోంది. అయినా అందరి మొహాల్లోనూ ఒకటే వెలుగు. మంచి కబురు ముందు నీకే తెలుస్తుంది కదా, వెంటనే రాయి.

నీ వదిన

*

ఫిబ్రవరి 18

వదినా,

జుట్టు దగ్గర గట్టిగా నవ్వాను. ఆ తర్వాత నవ్వు రాలేదు.

"ఉన్నది ఉన్నట్టు" అని కూడా రాశాను కదా, అది నీ కంటపడలేదా? చెయ్యి వెయ్యమన్నది పనిలో. కుర్చీలు, ఫ్యాన్లు అరువు తెచ్చి పైన పటారం, లోన లొటారం చెయ్యమని కాదు. ఏ లోటూ లేదన్నావా? లోటు ఎంతుందో తెలుసుకోవడానికి వచ్చిన మనిషితో? అడగనిదే అమ్మైనా పెట్టదని నీకు నేను చెప్పాలా?

మా ఆఫీసు పద్ధతి నీకు తెలియదు. ఏ చోటైనా తన కాళ్ళ మీద తాను నిలబడగలదని తోస్తే, ఆ డబ్బు తీసి నిలబడలేని ఇంకో చోటికి ఇస్తారు. వాళ్ళ దృష్టిలో అది తప్పు కాదు, అదే వాళ్ళ విజయం. కూలిపోతామని చెప్పినవాళ్ళకే దన్ను దొరుకుతుంది.

నువ్వు ఇప్పుడు చెయ్యాల్సింది ఒక్కటే. ఈ నెలాఖరులోగా డైరెక్టరుగారికి ఉత్తరం రాయి. ఆ రోజు చూసిన సామానంతా అరువుదని, తల్లుల కూలి వాళ్ళ తిండికే చాలదని, సాయం ఆగితే గది మూతపడుతుందని రాయి. ఎండాకాలం ఆ రేకుల కింద పిల్లలకి ఒళ్ళు పేలుతుందని కూడా రాయి. నా పేరు మాత్రం ఎక్కడా రాకూడదు. గుర్తుపెట్టుకో.

తొందరలో,
నీ ఆడపడుచు

*

మార్చి 1

అమ్మాయ్,

రాయను.

ఏమని రాయమంటావు? టైలరు కర్టెన్లు దొంగవనా? మీ అన్నయ్య అబద్ధాలకోరనా? లైను పెద్దమ్మ మాట నమ్మకండి, ఆవిడ కాళ్ళకి సత్తువ లేదనా? ఆవిడ పుట్టాక నలుగురిలో నిలబడి మాట్లాడటం అదే మొదటిసారి. ఇంటికెళ్ళి కోడలికి, కొడుక్కి, వీధిలో కనపడ్డ ప్రతివాళ్ళకి చెప్పుకుంది. ఇప్పుడు ఆవిడ వెనక చేరి "అదంతా ఉత్తిదే బాబూ" అని నేను రాయాలా?

ఇంటికొచ్చినవాళ్ళ ముందు చిరిగిన చాప పరచకూడదని నాకు నేర్పింది ఎవరు? మీ అమ్మ. ఇంట్లో ఏమీ లేని రోజున కూడా పక్కింటి నుంచి తెచ్చి పెట్టి, వచ్చినవాళ్ళు వెళ్ళాక మనకి మంచినీళ్ళు పోసేది. నువ్వు ఆ నీళ్ళు తాగి పెరిగినదానివే. చదువు, ఉద్యోగం వచ్చాక అది నీకు లొటారంలా కనపడుతోంది.

నీ పేరు రాకూడదన్నావు. అర్థమైందిలే. సీసాలు కడిగేవాళ్ళ పిల్లల ముక్కులు తుడిచే వదిన ఉందని నలుగురికీ తెలిస్తే నీకు నామోషీ. తెలియనివ్వను, భయపడకు.

మీవాళ్ళకి కళ్ళున్నాయి. పిల్లల్ని చూశారు. పిల్లల్ని చూసినవాళ్ళు కాదనలేరు. నాకు ఆ నమ్మకం ఉంది.

మీ అన్నయ్యకి పన్ను నొప్పి. నువ్వు అడగలేదు, అయినా చెబుతున్నాను.

వదిన

*

మార్చి 29

వదినా,

ఈ ఉత్తరం నాలుగుసార్లు మొదలుపెట్టి చింపేశాను. ఆఫీసు కాగితం రేపో ఎల్లుండో నీకు చేరుతుంది. దానికంటే ముందు నా మాట చేరాలని రాస్తున్నాను.

ఆపేశారు.

మీ గది పేరు వచ్చేసరికి నియమం ప్రకారం నన్ను బయటికి వెళ్ళమన్నారు. నడవాలో మంచినీళ్ళ ఫిల్టరు పక్కన నిలబడ్డాను. లోపలి మాటలు వినపడలేదు. చప్పట్లు మాత్రం వినిపించాయి. నీ మీద ఒట్టు వదినా, ఆ చప్పట్లు విని ఇచ్చేశారనే అనుకున్నాను. దాహం లేకపోయినా రెండు గ్లాసుల నీళ్ళు తాగాను. తలుపు తీశాక ఒకాయన నా చెయ్యి పట్టుకుని ఊపి, "మీ వదినగారిది ఈ ఏడాది మన అన్నింటిలోకీ ఆదర్శ కేంద్రం. ఇక మన అవసరం లేకుండా ఎదిగింది" అన్నారు. మీకు ఒక ఇత్తడి పలక పంపుతారట. డబ్బు ఇంకో చోటికి వెళ్తుంది. అక్కడ గోడలు కూడా లేవట, పిల్లలు ఎండలో కూర్చుంటున్నారట. వాళ్ళని కూడా తిట్టుకోలేకపోతున్నాను.

మళ్ళీ అడగడానికి ఏడాది ఆగాలి. అప్పటిదాకా ఎలాగోలా నిలబెట్టు. నా జీతంలోంచి కొంత దీనితో పంపుతున్నాను, ప్రతి నెలా పంపుతాను. కాదనకు.

నామోషీ అన్నావు. నా పేరు వస్తే నేనే రాయించానని నీ ఉత్తరాన్నే చెత్తబుట్టలో వేస్తారని భయపడ్డాను. అంతకంటే ఏమీ లేదు. ఆ మాట అప్పుడే విడమరిచి రాయాల్సింది.

అన్నయ్య పన్ను ఎలా ఉంది?

నీ ఆడపడుచు

*

మే 10

అమ్మాయ్,

మీ పలక వచ్చింది. తళతళలాడుతోంది. "తమ కాళ్ళ మీద తాము నిలబడిన వారికి అభినందనలతో" అని చెక్కించారు. తగిలించడానికి మేకు దిగే గోడ మాకు లేదు, రేకులే. మూలన ఆనించాం. పాకే పిల్లలు అందులో మొహం చూసుకుని నవ్వుకుంటున్నారు.

ఏప్రిల్ నెల ఎలా నడిచిందో విను. తల్లులందరూ కూలిలోంచి తలా కొంచెం తీసి ఇచ్చారు. లైను పెద్దమ్మ ఇల్లిల్లూ తిరిగి వసూలు చేసింది. అద్దెకీ, పాలకీ సరిపోయింది. టీచరమ్మ ఆ నెల జీతం అడగలేదు. ఆ వెంటనే ఫ్యాక్టరీకి సీసాల లారీలు తగ్గాయి, వారంలో సగం రోజులే పని. గోరుచుట్టు మీద రోకటిపోటు. ఇచ్చే చేతులు ఒక్కొక్కటే వెనక్కి వెళ్ళాయి. ఎవర్నని ఏం లాభం? టీచరమ్మ బట్టల షాపులో చేరింది, వెళ్ళేటప్పుడు నా మొహం చూడలేదు. ఒక ఆయా మన పిల్లల్ని వదిలి వాళ్ళ తల్లుల పక్కనే తొట్టి దగ్గర చేరింది. మందుల షాపాయన్ని ఇంకోసారి అడిగాను. "మీకు అవార్డు కూడా వచ్చిందటగా, ఇంకా మా అవసరం ఏముందమ్మా?" అన్నాడు. వెటకారం కాదు, నిజంగానే అన్నాడు.

నీ డబ్బు తిప్పి పంపుతున్నాను. నీ జీతం నీ హాస్టలుకే చాలదని మీ అన్నయ్య చెప్పారు. అదొక్కటే కారణం అని రాస్తే అది మీ అన్నయ్య అబద్ధం లాంటిదే అవుతుంది. గది బయట నిలబడ్డానన్నావు. తలుపుకి అవతల వీళ్ళ తలరాత తేలుతుంటే, ఇవతల నిలబడి మంచినీళ్ళు తాగావు. నియమమే కావచ్చు. నా చేతులకి మాత్రం నీ డబ్బు తీసుకోబుద్ధి కావడం లేదు.

పన్ను పీకించారు.

వదిన

*

మే 19

వదినా,

తిప్పి పంపిన డబ్బు అందింది. పోస్టాఫీసులో గుమాస్తా "తిప్పి పంపారండీ" అని నా చేతిలో పెట్టాడు.

నీకు చెప్పని ఒక సంగతి ఉంది. మీటింగు అయ్యాక నేను ఊరుకోలేదు. డైరెక్టరుగారి గదిలోకి వెళ్ళి, ఉద్యోగం పోతే పోనీ అనుకుని, నువ్వు వద్దన్న మాటే చెప్పేశాను. ఆ ఫ్యాన్లు రిపేరుకి వచ్చినవని, కుర్చీలు మందుల షాపువని, గ్లాసులు, దుప్పట్లు తల్లులు ఇళ్ళ నుంచి మోసుకొచ్చినవని అన్నీ చెప్పాను. ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ శ్రద్ధగా విన్నారు. అంతా విని, "అడగ్గానే అన్ని వస్తువులు అరువిచ్చే మనుషులు చుట్టూ ఉన్నారంటే, మా డబ్బు కంటే పెద్ద ఆస్తి అదే కదమ్మా" అన్నారు. మంచివాడే వదినా. ఆ మాట మనస్ఫూర్తిగానే అన్నాడు. ఆయన్ని కసిదీరా ద్వేషిద్దామన్నా కుదరడం లేదు.

ఇది మొదట్లోనే ఎందుకు రాయలేదంటే, అరువు సంగతి బయటపెట్టానని తెలిస్తే నీ పరువు తీశానంటావని. ఎటు తిరిగినా తిట్లు నాకే కదా, ఇవీ పెట్టెయ్యి.

ఇక్కడ వర్తకుల సంఘం ఒకటుంది. అవసరంలో ఉన్నవాళ్ళకే ఇస్తారు, పైపై మెరుగులు చూడరు. కాళ్ళావేళ్ళా పడి ఒప్పించాను. వచ్చే నెల వాళ్ళ మనిషి మీ దగ్గరికి వస్తాడు. ఈసారి ఒక్క కుర్చీ కూడా అరువు తేవద్దు. ఒక్క దుప్పటి పరచవద్దు. లోటంతా లోటులాగే చూపించు. నా మొహం చూసి కాదు, పిచ్చుక మొహం చూసి.

నీ ఆడపడుచు

*

జూన్ 27

అమ్మాయ్,

మీ వర్తకుల సంఘం మనిషి నిన్న వచ్చాడు. నువ్వు చెప్పినట్టే ఒక్క కుర్చీ కూడా అరువు తేలేదు. తేవడానికి మాకు గదే లేదు.

నెల మొదట్లోనే షెడ్డు ఖాళీ చేశాం. మే అద్దె, జూన్ అద్దె రెండూ బాకీ పడ్డాం. ఓనరు చెడ్డవాడు కాదు, ఇంకో వారం చూశాడు కూడా. తర్వాత ఫ్యాక్టరీవాళ్ళు సీసాల డబ్బాలు పెట్టుకోవడానికి అడిగితే ఇచ్చేశాడు. నీకు రాయలేదు. రాస్తే నువ్వు ఆ మనిషిని రావద్దంటావని, వస్తే ఏమో ఏదైనా జరుగుతుందేమోనని ఆశ.

ఆ వచ్చినాయన్ని మా ఇంట్లోనే కూర్చోబెట్టాను. ఉన్నదంతా చెప్పాను. లోటు తప్ప మా దగ్గర ఏదీ లేదన్నాను. మీ అమ్మ ఉంటే నా నోరు నొక్కేది. లైను పెద్దమ్మ కూడా వచ్చింది. ఆ రోజు చప్పట్లు కొట్టించుకున్న మనిషి, ఈయన ముందు చేతులు కట్టుకుని "ఏదైనా ఇప్పించండి బాబూ" అంది. ఆ గొంతు నేను వినలేకపోయాను. ఆయన పాపం అన్నీ రాసుకున్నాడు. "ఇప్పుడు మీ కేంద్రంలో పిల్లలెంతమంది?" అన్నాడు. కేంద్రమే లేదు కదా బాబూ, పిల్లలెక్కడ అన్నాను. పెన్ను ఆపాడు. నడుస్తున్నదానికైతే ఇవ్వగలరట, మూతపడినదాన్ని మొదలుపెట్టడానికి వాళ్ళ దగ్గర పద్దు లేదట. "ఒక నెల ముందు వచ్చినా బాగుండేదండీ" అన్నాడు.

అన్నీ ఉన్నట్టు కనపడితే మీకేం అవసరం అన్నారు. ఏమీ లేకపోతే మీకేం ఉందని ఇస్తాం అన్నారు. ఈ రెంటికీ మధ్య ఇచ్చే రోజంటూ ఒకటి ఉండే ఉంటుంది. అది ఎప్పుడొచ్చి ఎప్పుడు పోయిందో నాకు తెలియలేదు.

మీ డైరెక్టరుకి అరువు సంగతి చెప్పినందుకు నిన్ను తిట్టను. చెప్పావని ముందే తెలిసి ఉంటే నీ డబ్బు తీసుకునేదాన్నేమో. దాంతో ఒక నెల అద్దె అయ్యేది.

వదిన

*

ఆగస్టు 2

వదినా,

నీ దగ్గర్నుంచి నెలకు పైగా ఉత్తరం లేదు. కోపమైతే తిట్టు. ఒంట్లో బాగాలేకపోతే అన్నయ్య చేత రెండు ముక్కలు రాయించు. వచ్చే ఏడాది మళ్ళీ దరఖాస్తు పెట్టవచ్చని ఆఫీసులో కనుక్కున్నాను. ఈలోగా మీ ఇంటి వరండాలోనైనా కొద్దిమంది పిల్లల్ని కూర్చోబెట్టగలవా? అలా ఉంటే "నడుస్తోంది" అని రాయవచ్చు. పిచ్చుక ఎలా ఉంది? ఇప్పుడు ఎవరి జుట్టు గురించి అడుగుతోంది?

నీ ఆడపడుచు

*

ఆగస్టు 20

అమ్మాయ్,

నీ మీద కోపం లేదు. కోపానికి కూడా ఓపిక కావాలి. నేను బాగానే ఉన్నాను, మీ అన్నయ్య కూడా.

వరండా ఆలోచన నాకూ వచ్చింది. పిల్లలు దొరకలేదు. లారీలు మళ్ళీ రావడం మొదలయ్యాక ఫ్యాక్టరీవాళ్ళు తల్లులకి ఒక వెసులుబాటు ఇచ్చారు. పిల్లల్ని లోపలికే తెచ్చుకోవచ్చు, బెల్టు పక్కన ఖాళీ డబ్బాలతో దడి కట్టి అందులో ఉంచుకోవచ్చు. పాలు తాగే పిల్లలకి తల్లి కళ్ళెదుట ఉంటుంది, కూలీ పోదు. మా ఇల్లు అక్కడికి దూరం. పైగా నేను ఒక్కదాన్ని, భోజనం పెట్టలేను. నా దగ్గరికి ఎందుకు పంపుతారు? వాళ్ళ స్థానంలో నేనున్నా పంపను.

పిచ్చుక కూడా ఆ దడిలోనే ఉంది. కాలికి గాజు గుచ్చుకుని మానింది, దానికేం భయం లేదు. భయం వేరే ఉంది. ఆ చప్పుడులో తల్లులందరూ ఒకరితో ఒకరు చేతులతోనే మాట్లాడుకుంటారు. నీళ్ళంటే బొటనవేలు, పక్కకి జరగమంటే మోచెయ్యి. ఆ పిల్ల కూడా అలాగే చూపిస్తోంది. నన్ను చూసి నవ్వింది, దగ్గరికొచ్చింది, నా బుగ్గ పట్టుకుంది. నోరు మాత్రం తెరవలేదు. "ఇప్పుడు అస్సలు అల్లరి చెయ్యదమ్మా, బుద్ధొచ్చింది" అని వాళ్ళమ్మ సంతోషంగా చెప్పింది. ఏమనాలి నేను? ఒకసారి వచ్చిన మాటలు మళ్ళీ పోతాయా? నువ్వు చదువుకున్నదానివి, తెలిసినవాళ్ళని అడిగి చెప్పు.

ఫ్యాక్టరీ మేనేజర్ని బతిమాలితే మధ్యాహ్నం బెల్టు ఆపినప్పుడు లోపలికి వెళ్ళనిస్తున్నాడు. ఆ చప్పుడు ఆగేది రోజు మొత్తం మీద ఆ కాసేపే. కాసేపైతేనేం, రోజూ నాలుగు మాటలు చెప్పించినా చాలు, ఉన్నవి పోకుండా ఉంటాయి అనుకుని, బొమ్మలట్టలు పట్టుకుని ఉత్సాహంగా వెళ్ళాను. బెల్టు ఆగింది. ఆగీ ఆగగానే దడిలో పిల్లలందరూ ఎక్కడివాళ్ళక్కడ పడి నిద్రపోయారు. పొద్దుటి నుంచి ఆ మోతలో కన్ను మూతపడదు కదా. పిచ్చుకని లేపబోయాను. వాళ్ళమ్మ నా చెయ్యి పట్టుకుంది. "పడుకోనివ్వండమ్మా, మళ్ళీ మొదలైతే దీనికి నిద్ర ఉండదు" అంది.

నిజమే కదా. నిద్రపోతున్న పిల్లని లేపి మాట నేర్పడానికి నాకు మాత్రం మనసెలా ఒప్పుతుంది?

అయినా రోజూ వెళ్తున్నాను. వాళ్ళ పక్కన కూర్చుని ఈగలు తోలుతాను. కూత వేస్తారు, బెల్టు మొదలవుతుంది, పిల్లలు ఉలిక్కిపడి లేస్తారు. అప్పుడు నన్ను బయటికి వెళ్ళమంటారు, వచ్చేస్తాను.

వదిన